స్ట్రాత్‌నేవరు : ఒక చిన్న వస్తుప్రదర్శనశాల

మహానగరములందలి గొప్ప వస్తుప్రదర్శనశాలలను చూచువారికి మొదట కలుగునది ఆశ్చర్యము. రాజుల కిరీటములు, సేనాపతుల ఖడ్గములు, పరదేశములనుండి తెచ్చిన విగ్రహములు, గతించిన చక్రవర్తుల నాణెములు అచ్చట అద్దముల వెనుక బారులు తీరి యుండును. చూచి వెలుపలికి వచ్చునప్పటికి కన్నులు నిండును. మనస్సునకు మాత్రము ఏదియో వెలితిగ తోచును. ఆ శాలలలో మనవంటివారు అరుదుగ కానవత్తురు. కుండ యుండును గాని ఆ కుండతో నీళ్లు మోసిన యిల్లాలి పేరుండదు. నాగలి యుండును గాని దానిని పట్టిన రైతు ఎవరికి శిస్తు కట్టెనో, ఎందుల కా ఊరు విడిచెనో చెప్పు కాగితముండదు. చిన్న గ్రామములయందు గ్రామస్థులు తమంత తాము కూర్చుకొనిన శాలల సంగతి వేరు. అచ్చట వస్తువులు కొద్ది. వాని వెంట వచ్చు కథలు పెక్కు. అట్టి దొకదానిని మేము స్కాట్లండు దేశపు ఉత్తరపు సముద్రతీరమున చూచితిమి. దానినిగూర్చియు, అది మా మనస్సున రేపిన యొక ప్రశ్ననుగూర్చియు చదువరులతో ముచ్చటింప దలచితిమి.

ఇన్వర్నెస్ నగరమునుండి ఉత్తరముగ నూరు మైళ్లకు కొంచెము లోపుగ ప్రయాణము చేసినచో భూమి ముగియును. కడపటి యిరువది మైళ్లు నేవర్ అను చిన్న నదిని అనుసరించి పోవలెను. అచ్చటివారి గేలిక్కు భాషలో విశాలమైన నదీలోయకు 'స్ట్రాత్' అని పేరు. కావున ఈ ప్రాంతము స్ట్రాత్‌నేవరు. జూను మాసమగుటచే రాత్రి పదిగంటలకు గూడ వెలుతురు చాలినంత యుండెను. నదికి ఇరువైపుల పచ్చిక బయళ్లు, వానికి పైన ఊదారంగు కొండలు, నడుమనడుమ బిర్చి చెట్ల గుంపులు. మైళ్ల కొలది పోయినను ఇండ్లు అరుదు, గొఱ్ఱెలు మెండు. ఇంత సారవంతమైన నేల, ఇంత మంచి నీరు ఉండి జనము లేకుండుట ఎట్లని మేము మొదట విస్తుపోతిమి. ఇది ప్రకృతి చేసిన యేకాంతమనుకొని దాని సౌందర్యమును కొంతసేపు మెచ్చుకొంటిమి గూడ. ఆ మెప్పు ఎంత తెలివితక్కువదో మరునాడు తెలిసినది.

నది సముద్రమున కలియుచోట బెట్టీహిల్ అను గ్రామము కలదు. 58½ డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్న ఈ ఊరికి వెలుపల, సముద్రపు గాలికి ఎదురుగ, సున్నము కొట్టిన తెల్లని పాత ప్రార్థనామందిర మొకటి నిలిచియున్నది. పదునెనిమిదవ శతాబ్దమున కట్టబడి, ఫార్ అను పరగణాకు చర్చిగ నుండిన యీ మందిరమున, పూజాదికములు నిలిచిపోయిన పిదప, 1976లో గ్రామస్థులు వస్తుప్రదర్శనశాలను స్థాపించిరి. దీనికే స్ట్రాత్‌నేవరు మ్యూజియమని పేరు. శ్మశానవాటికలో, గోడకు పడమటి దిక్కున, మనిషి యెత్తుకు మించిన రాతిపలక యొకటి పాతియున్నది. పిక్టులను ప్రాచీనజాతివారు వేయి సంవత్సరములకు పూర్వము చెక్కిన శిలువ యది. లతలవలె అల్లుకొనిన రేఖలు నేటికిని స్పష్టముగ కానవచ్చును.

లోపల ప్రవేశించి చూచితిమి. సుమారు నాలుగువేల యేండ్లనాటి సమాధిలో దొరకిన మట్టిపాత్ర యొకటి యున్నది. అది ఈ లోయలోనే షెలమీ అనుచోట బయల్పడినది. రాట్నములు, గొడ్డండ్రు, బొగ్గుమన్ను కోయు పారలు, పాల చెంబులు, చేపల వలలు ఉన్నవి. అన్నిటికంటె మమ్ము ఆకర్షించినది ఒక కుక్కతోలు. కుక్క చర్మమును చీల్చక యొలిచి, కుట్టి, గాలి నింపి, చేపల వలకు తేలుబుఱ్ఱగ వాడెడివారట. సముద్రముతో పరిచయములేని సేద్యగాండ్రు ఒక్కమారుగ తీరమునకు తరుమబడి, చేతికందిన దానితో బ్రతుకు నేర్చుకొనిన కాలమును తలపునకు తెచ్చు ఆ తోలుసంచి ఎదుట మేము చాలసేపు నిలుచుంటిమి.

శాలను కనిపెట్టియుండిన వృద్ధురాలు మమ్ము చూచి, "మీరు వస్తువులను చూచుచున్నారు, ముందు ఆ వేదికను చూడుడు" అని చేయి చూపెను. ప్రక్కగోడ ననుసరించి, ఉపదేశకుడు నిలిచి మాటలాడు ఎత్తైన కొయ్యవేదిక యున్నది. 1774వ సంవత్సరమునాటిది. ఈ వేదికమీదనుండియే, బేదఖలు నోటీసులను గేలిక్కు భాషలో చదివి వినిపించిరని ఆ ఊరివారు చెప్పుదురు. దైవవాక్యము వినుటకు వచ్చినవారు తమ యిండ్లు ఏనాటికి ఖాళీచేయవలెనో విని మరలిపోయిరి. నేడు వారి కథను చెప్పు శాల ఆ మందిరముననే యున్నది.

ఇంక ఆ కథ.

హైలండ్సు అనబడు ఉత్తరపు కొండసీమలలో పూర్వము కులపెద్దల పాలనము సాగుచుండెను. పెద్దకు కావలసినది పన్నుకంటె మిన్నగ మనుష్యులు. యుద్ధమునకు కత్తిపట్టి వచ్చువా రెందరుందురో అంత యాతని ప్రతిష్ఠ. రైతునకు కాగితముమీద హక్కు లేకపోయినను, తాతలనాటినుండి మా పెద్ద నేల మాది యను నమ్మకముండెను. 1746లో కల్లోడెన్ యుద్ధమైన పిదప ఆ పెద్దల సైనికాధికారమును ప్రభుత్వము తీసివేసెను. మనుష్యుల విలువ తగ్గెను. నేల విలువ పెరిగెను. కులపెద్దలు జమీందారులైరి. ఇంగ్లండునందు ఉన్ని మిల్లులు వృద్ధియగుటచేతను, నెపోలియనుతో యుద్ధములవలన ధరలు హెచ్చుటచేతను, చెవియట్ జాతి గొఱ్ఱెలను మేపువారు చిన్న రైతు లందరును కలిసి కట్టు శిస్తుకంటె పెక్కు రెట్లు ఇచ్చుటకు సిద్ధపడిరి. అయితే చలికాలమున గొఱ్ఱెలకు కొండ చాలదు; లోయలోని వెచ్చని పచ్చికబీడు కావలెను. ఆ బీడులలోనే జనులు ఇండ్లు కట్టుకొని యవలు, బంగాళాదుంపలు పండించుకొనుచుండిరి.

సదర్లండు అనబడు ఈ విస్తారమైన భూభాగమునకు ఎలిజబెత్తు అను ఆమె ఏడాదిబిడ్డగ నున్నప్పుడే వారసురాలయ్యెను. 1785లో ఆమె ఇంగ్లీషు ధనవంతుడగు లెవిసన్ గోవరును వివాహమాడెను. ఆయన పిదప స్టాఫర్డు మార్క్విసై, 1833లో సదర్లండు డ్యూకయ్యెను. కాలువలలోను గనులలోను ఆయనకు వచ్చు ఆదాయము అపారము. ఆ ధనముతో దంపతులు తమ జమీనంతను 'అభివృద్ధి' చేయ సంకల్పించిరి. లోపలి లోయలు గొఱ్ఱెలకు, సముద్రతీరము మనుష్యులకు. రైతులు తీరమున రెండుమూడు యకరముల చెక్కలలో నిలిచి చేపలు పట్టుకొని బ్రతుకవలెను. జమీందారిణి పేరను ముద్దుగ పిలుచు 'బెట్టీ' అను మాట చేర్చి, అట్లు ఏర్పడిన యొక ఊరికి బెట్టీహిల్ అని పేరిడిరి. తమ్ము వెడలగొట్టినయామె పేరనే ఆ ప్రజలు నేటికిని తమ ఊరిని పిలుచుకొనుచున్నారు.

ఈ పథకమును నడపుటకు నియమింపబడిన యుద్యోగులలో పాట్రిక్ సెల్లర్ ఒకడు. అక్కడ 'ఫాక్టరు' అనబడు ఉద్యోగి మన జమీందారీలలోని దివానువంటివాడు. ఇతడు న్యాయశాస్త్రము చదివిన బుద్ధిమంతుడు, లెక్కలలో నిపుణుడు, పని విడువనివాడు. 1813 డిసెంబరులో స్ట్రాత్‌నేవరులోని యొక గొప్ప భాగమును కౌలుకు వేలమువేయగ, దానిని పాడినవాడు ఈ సెల్లరే. బేదఖలు చేయించు అధికారియు, ఖాళీయైన భూమిలో గొఱ్ఱెలు మేపుకొను కౌలుదారుడును ఒక్కడే యయ్యెను. న్యాయము చెడుటకు దుష్టులు కావలెనను నియమము లేదు. ఇట్టి యేర్పాటొకటి చాలును.

ఆ దేశమున చెట్లు తక్కువ. ఇంటి గోడలు రాతితోను మట్టిగడ్డలతోను కట్టుదురు. కాని కప్పునకు వలయు దూలములు దొరకుట కష్టము. బురదనేలలో కప్పబడిన పాతకాలపు దేవదారు మ్రానులను త్రవ్వి తీసి, తండ్రినుండి కొడుకు వాడుకొనెడివాడు. ఇల్లు విడువవలసివచ్చినను దూలములను మోసికొనిపోయినచో మరియొకచోట ఇల్లు లేచును. కావుననే కప్పులకు నిప్పు పెట్టిరి. దూలము కాలినచో తిరిగి వచ్చుటకును వీలులేదు, సమీపమున మరల కట్టుకొనుటకును వీలులేదు. ఇండ్లు తగులబెట్టుట క్రోధముచే జరిగినది కాదు, లెక్కప్రకారము జరిగినదని తెలిసినప్పుడు మాకు మరింత భయము కలిగినది.

1814 జూను 13వ తేదీన బాడిన్‌లాస్కిన్ అనుచోట విలియం చిషోము అనువాని యింటికి నిప్పంటించిరి. అతని అత్త మార్గరెట్ మెకే అను ముదుసలి మంచముపట్టి యుండెను. ఆమెకు ఇంచుమించుగ నూరేండ్లు. కాలుచున్న కప్పుక్రిందనుండి కంబళ్లతో నామెను వెలుపలికి మోసికొనివచ్చిరి. కొన్ని దినములకే యామె మరణించెను. సెల్లరుపై నేరము మోపబడెను. జిల్లా న్యాయాధికారి రాబర్ట్ మెకిడ్ ఆయనను నిర్బంధించెను. 1816 ఏప్రిల్ 23వ తేదీన ఇన్వర్నెస్‌లో విచారణ జరిగెను. పదునైదుగురు జ్యూరీలో భూస్వాములే ప్రబలులు. సాక్షులలో పలువురు ఇంగ్లీషు రాని పేదలు. సెల్లరు నిర్దోషియని తీర్పు వచ్చెను. ఆయనను నిర్బంధించిన మెకిడ్ క్షమాపణ పత్రము వ్రాసియిచ్చి, ఉద్యోగము వదలి ఆ సీమను విడిచిపోయెను. సెల్లరు గొఱ్ఱెల పెంపకమున ధనికుడై 1851లో మరణించెను.

తీర్పు తీర్పే. అన్నియు విచారించిన చరిత్రకారులు గూడ ఆ రోజు సెల్లరు ఏమి చేసెను, ఏమి చేయలేదను విషయమున నేటికిని వాదించుచునే యున్నారు. చిషోము అక్రమముగ నచ్చట నివసించెనని జమీనువారి వాదము. కాని యొక వ్యక్తి నిర్దోషియైనంత మాత్రమున ఒక కార్యము నిర్దోషము కాజాలదు. ఆ తీర్పు పిదప జమీనువారికి ధైర్యము హెచ్చెను. 1819లో ఆ లోయ మరల ఖాళీ చేయబడెను. ఈసారి మరింత విస్తారముగ. అచ్‌నెస్‌లో క్రైస్తవ బోధకుడుగ నుండిన డానల్డ్ సేజ్ అను యువకుడు తుది ఆదివారమున ప్రజలకు ఉపదేశము చేయబోయి, మాట పెగలక ఏడ్చెను, విన్నవారును ఏడ్చిరి. తరువాత కొన్ని దినములకు ఆయన ఆ దారినే పోవుచు కప్పులేని యిండ్లను, ఇంకను పొగలెగయు దూలములను చూచెను. ఆయన స్మృతులు ఆయన మరణానంతరము 1889లో అచ్చుపడినవి. రోసల్ అను పల్లెకు చెందిన రాళ్లపనివాడు డానల్డ్ మెక్లౌడ్ రాత్రి పదునొకండు గంటలకు ఒక గుట్టయెక్కి, మండుచున్న యిండ్లను 250 వరకు లెక్కించితినని వ్రాసెను. ఆ రోసల్ పల్లె శిథిలములను 1962లో పురాతత్త్వజ్ఞులు త్రవ్వి పరిశోధించిరి. మేము పోయి చూచితిమి. అడవిశాఖవారి చెట్ల నడుమ పచ్చని మైదానము, అందు గడ్డి కప్పిన గోడల పునాదులు. మొదటి సాయంకాలము మేము మెచ్చుకొనిన పచ్చదనము ఇదియే. ఎరువుపెట్టి సాగుచేసిన నేల గనుకనే అంత పచ్చగ నున్నది.

ఇంతవరకు చెప్పినది పీడితుల పక్షము. ప్రతిపక్షమునుగూడ వినుట చరిత్రధర్మము. జమీనుయొక్క సర్వాధికారి జేమ్స్ లాక్ అను పండితుడు ఈ అభివృద్ధినిగూర్చి 1820లో ఒక పెద్ద గ్రంథము ప్రకటించెను. అందులో చెప్పిన విషయములు కొట్టివేయదగినవి కావు. లోయలలో జనులు పేదలై యుండిరి. పంటలు మంచుకు చెడినప్పుడు ఆకలి తప్పదు. అప్పుడు జమీనువారే పిండి తెప్పించి పంచవలసి వచ్చెడిది. బాటలు లేని సీమకు బాటలు వేసిరి, వంతెనలు కట్టిరి, రేవులు త్రవ్విరి. ఆ పనులకై వెచ్చించిన ధనము రైతులనుండి వచ్చిన శిస్తుకంటె హెచ్చు. మార్క్విసు దంపతులు తాము పుణ్యమే చేయుచున్నామని నమ్మిరి. వారు దొంగలు కారు. వారు తమ కాలపు అర్థశాస్త్రమును చదివిన సంస్కర్తలు.

ఇచ్చటనే మా మనస్సు తగులుకొన్నది. సంస్కరణమను మాటను గౌరవించువారము మనము. బాల్యవివాహము, వితంతువుల దుఃఖము, అంటరానితనము, నిరక్షరత, ఇవి పోవలెనని మన పెద్దలు కష్టపడిరి. వారి కృషి ఫలమును మన యిండ్లలోని స్త్రీలు, బాలికలు అనుభవించుచున్నారు. కాని స్ట్రాత్‌నేవరు గోడల నడుమ నిలిచినప్పుడు ఆ మాటలో రెండర్థములున్నవని తెలియును. మా వీరేశలింగం పంతులుగారు వితంతువునకు వివాహము చేయించినప్పుడు ఆమె యిష్టమును తెలిసికొని చేయించిరి. ఆ కార్యమువలన వచ్చిన వెలి, నింద, నష్టము తాము భరించిరి. లాక్ పండితుని సంస్కరణమున ఫలము ఒకరిది, కష్టము మరియొకరిది. కష్టపడువారిని అడిగినవారు లేరు. తనకు మేలుచేయు పేరిట తన యిల్లు కాల్చబడినవానికి, ఆ మేలు ఏనాటికిని మేలుగ తోచదు. తీరమున దొరకిన రెండెకరములలో రాళ్లే ఎక్కువ, ఆ తీరమున పడవలు నిలుపుటకు సరియైన రేవు లేదు, అలలు ఉగ్రములు. పశువులు కొట్టుకొనిపోకుండ తాళ్లతో కట్టియుంచవలసివచ్చిన చోట్లున్నవని గూడ చెప్పుదురు.

సంస్కర్తల కన్నులకుగూడ మసక కమ్మునని తెలుపు ఉదాహరణ మొకటి యీ చరిత్రలోనే యున్నది. అమెరికాలోని నీగ్రో బానిసల దుఃఖమును 'అంకుల్ టాంస్ క్యాబిన్' అను నవల మూలమున లోకమునకు చాటిన హారియట్ బీచర్ స్టో అను విదుషీమణిని చదువరులెరుగుదురు. 1853లో ఆమె లండనుకు వచ్చినప్పుడు నాటి సదర్లండు డచెస్ హారియట్ ఆమెకు గొప్ప సత్కారము చేసెను. ఈ డచెస్ బానిసత్వమును నిర్మూలింపవలెనని ఉద్యమించిన యుదారురాలు. మొదటి డ్యూకు దంపతుల కోడలు. ఆతిథ్యమందిన స్టో దొరసాని 1854లో తన యాత్రాగ్రంథమున సదర్లండు అభివృద్ధిని ప్రశంసించి, ఇండ్ల దహనమునుగూర్చిన మాటలను కట్టుకథలని త్రోసివేసెను. అప్పటికి కెనడాకు వలసపోయిన మెక్లౌడ్ ఇది చదివి సహింపలేక, తన పాత లేఖలను పెంచి 1857లో టొరాంటోలో పుస్తకముగ అచ్చొత్తించెను. ఆమె పుస్తకపు పేరిలో 'వెలుగు' ఉన్నది. ఇతడు తన పుస్తకమునకు 'చీకటి జ్ఞాపకములు' అను అర్థమిచ్చు పేరు పెట్టెను. దూరపు బానిస కన్నీరు చూచి కరగిన హృదయము, తనకు విందు చేసినవారి రైతు కన్నీటిని నమ్మలేదు. ఆమెను నిందించుట సులభము. మన యింటి పాలేరును, మన వాకిలి యూడ్చు స్త్రీని తలచుకొనిన పిదప నిందింతము.

అయితే చిరకాలము ఈ చరిత్ర పేదల నోటనే నిలిచినది. జమీనువారి చేతిలో లెక్కపుస్తకములు, ఉత్తరములు, తీర్పు నకళ్లు, అచ్చుపుస్తకములు. రైతుల చేతిలో మాట యొక్కటే. ఆ మాటకు కాగితము దొరకుటకు దాదాపు 70 ఏండ్లు పట్టెను. 1880 ప్రాంతముల ఆ కొండసీమలలో రైతులు అలజడి చేయగ, ప్రభుత్వము 1883లో ఒక విచారణసంఘమును నియమించెను. ఆరుగురు సభ్యులలో భూస్వాములే పలువురుండుటచే మొదట ప్రజలకు నమ్మకము కలుగలేదు. ఆ సంఘాధ్యక్షుని పేరు చూచినప్పుడు మేము నిలిచిపోతిమి. ఆయన నేపియర్ ప్రభువు. 1866 మొదలు 1872 వరకు మన చెన్నరాజధానికి గవర్నరుగ నుండినవాడు. చెన్నపట్టణమున కూవము నదిపై నున్న నేపియర్ వంతెన ఆయన పేరిటిదే. ఆయన వచ్చిన యేటనే గంజాము జిల్లాను ఘోరక్షామము పీడించెను. ఆయన జన్మించినది 1819లో. స్ట్రాత్‌నేవరు రెండవమారు కాలిన సంవత్సరమున.

ఆ సంఘమువారు పడవలమీదను బండ్లమీదను ఊరూర తిరిగి, 61 స్థలములలో 71 సభలు జరిపి, 775 మంది వాఙ్మూలములను వ్రాసికొనిరి. ప్రశ్నయు జవాబును ఉన్నవున్నట్లు అచ్చొత్తించిరి. 1883 జూలై మాసమున బెట్టీహిల్‌లో సభ జరిగినప్పుడు ఆంగస్ మెకే అను ఎనుబదేండ్ల వృద్ధుడు లేచి నిలుచుండెను. 1814లో ఆయన పదునొకండేండ్ల బాలుడు. ఆ ఉదయమున తలిదండ్రులు పశువులను తోలుకొని క్రొత్తచోటికి ముందు పోయిరి, పిల్లలు నిదురించుచుండిరి. ఒక స్త్రీ వచ్చి, ప్రక్క పల్లెలో సెల్లరు ఇండ్లు కాల్చుచున్నాడని వారిని లేపెను. బాలుడు భయపడి, తమ్ముని వీపున మోసికొని, ఆవలియొడ్డున నున్న చుట్టమువద్దకు పోవుటకై నదిలో దిగెను. నీళ్లు వీపునకు తగులగనే చిన్నవాడు ఏడ్చి పెనగులాడెను, ఇద్దరును పడిపోయిరి. తమ్ముడు మెడ పట్టుకొని వదలలేదు, అన్న లేవలేడు. పిల్లలతో ఆ దారిని పోవుచున్న పేదరాలొకతె చూచి, నదిలో దుమికి యిద్దరిని ఒడ్డుకు చేర్చెను. జనులు ఇష్టపడియే వెడలిరా యని సంఘమువారు ప్రశ్నింపగ, నేలమీద దొర్లి, గోళ్లతో మన్ను పెరికి యేడ్చినవారిని మీరు చూచియుండవలసినదని ఆ వృద్ధుడు జవాబు చెప్పెను.

ఇన్నేండ్ల పిదప పలికిన యీ సాక్ష్యమును న్యాయస్థానము ఒప్పుకొనదేమో. బాలుని జ్ఞాపకమున వయసుతోపాటు కొంత చేరియుండును, కొంత జారియుండును. కాని నది యెంత చల్లగ నుండెనో లాక్ పండితుని గ్రంథమున లేదు. ఆ సంగతి ఆంగస్ మెకేకే తెలియును. ఆ వాఙ్మూలముల ఫలముగ 1886లో క్రాఫ్టర్ల చట్టము పుట్టెను. చిన్నకమతపు రైతును శిస్తు చెల్లించినంతవరకు తొలగింపరాదనియు, న్యాయమైన శిస్తును ప్రత్యేకసంఘము నిర్ణయింపవలెననియు, రైతు చేసిన బాగుచేతకు విడుచునప్పుడు పరిహారమీయవలెననియు శాసించిరి. లోయలు మాత్రము తిరిగి రాలేదు. ఆ చట్టము తీరమున మిగిలినవారిని నిలిపినది.

మ్యూజియములో చాల యేండ్లు ఈ కథను ఆ ఊరి బడిపిల్లలే గీసి, వ్రాసిన పటముల మూలమున చెప్పుచుండిరి. ఉపాధ్యాయవృత్తిలో నున్న మాకు ఇది మిక్కిలి సంతోషము కలిగించినది. ఏ భాషలో తమ తాతముత్తాతలకు నోటీసు చదివిరో, ఆ భాష నేడు ఆ పిల్లలలో పెక్కుమందికి రాదు. అయినను కథ చేతులు మారి వారి చేతికి వచ్చినది. ఇదే సదర్లండు సీమలో, గోల్స్పీ గ్రామముపైన నున్న కొండకొనయందు మొదటి డ్యూకునకు ఎత్తైన పీఠముమీద మహావిగ్రహమును నిలిపియున్నారు. ఎన్నియో మైళ్ల దూరమునుండి అది కనబడును. మ్యూజియము దగ్గరకు పోయినగాని కనబడదు. దూరమునుండి కనబడు చరిత్రయు, దగ్గరకు పోయినగాని కనబడని చరిత్రయు కలవని ఆ రెంటిని చూచినవారికి తోచకమానదు.

మరియొక తలంపు. మన గ్రామములకు కైఫీయతులు వ్రాయించిన కర్నల్ కాలిన్ మెకంజీ ఆ ఉత్తరస్కాట్లండు దీవులవాడే. 1754లో లూయీ దీవియందలి స్టోర్నవే పట్టణమున జన్మించెను. కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు మొదలగువారి సాయమున మన కరణములను, పూజారులను, వృద్ధులను అడిగి ఏ ఊరు ఎట్లు పుట్టెను, ఏ చెరువు ఎవరు త్రవ్వించిరని వ్రాయించెను. ఆయన 1821లో మరణించెను. ఇంచుమించుగ ఆ దశాబ్దములలోనే ఆయన జన్మభూమికి ఎదుటి తీరమున పల్లెలు కాలుచుండెను. ఆ పల్లెలకు కైఫీయతు వ్రాయువాడు లేడాయెను. ఆ చిన్న శాల చేయుచున్నది, ఆలస్యముగ వ్రాయుచున్న కైఫీయతు.

మరి మనము? కృష్ణానదిపై నాగార్జునసాగరము కట్టబడునప్పుడు, 1954 మొదలు 1960 వరకు నాగార్జునకొండ లోయను త్రవ్వి, ఇక్ష్వాకులనాటి శిల్పములను కాపాడి ద్వీపముమీద మ్యూజియము కట్టుకొంటిమి. శ్రీశైలము జలాశయమునకు లోబడు కూడలి సంగమేశ్వరాలయమును రాయి రాయిగ విప్పి అలంపురమున మరల నిలిపితిమి. ఆనకట్టలు అన్నము పెట్టినవి. వానిని స్ట్రాత్‌నేవరు గొఱ్ఱెలతో పోల్చుట అన్యాయము. కాని ఆ నీటిక్రింద పల్లెలును పోయినవి. ఇక్ష్వాకురాణి చేసిన దానమును శాసనమున చదువుచున్నాము. కడపటిదినమున పొయ్యిలో బూడిదయెత్తి, వాకిలికి మ్రొక్కి బండియెక్కిన ఇల్లాలి మాటను ఎచ్చట చదువుదుము? అప్పటి బాలబాలికలు నేడు వృద్ధులు. ఆంగస్ మెకే సాక్ష్యము చెప్పిన వయస్సునకు వారును వచ్చిరి. వారిని వెదకి వచ్చుటకు నేపియర్ సంఘము లేదు. నిజమునకు అంత సంఘమును అక్కరలేదు.

ఇది యింటింట జరుగదగిన పని. మన అవ్వను, తాతను, పొరుగింటి ముదుసలిని కూర్చుండబెట్టి, నీ పుట్టినయూరేది, ఎందుల కా యూరు విడిచితిరి, వచ్చునప్పుడేమి తెచ్చుకొంటిరి, ఏమి వదలివచ్చితిరి అని అడుగుదము. వారు చెప్పినది చెప్పినట్లు వ్రాయుదము. మనకు నచ్చని చోట దిద్దవలదు. మనవంటి చదువుకొన్న కుటుంబములవలన నష్టపడినవారి మాటనైతే మరింత శ్రద్ధతో వ్రాయుదము. క్రింద తేదీ వేసి, ఊరిపేరు వ్రాసి, బడికో గ్రంథాలయమునకో ఒక ప్రతి యిత్తము.

శాలనుండి వెడలుచు సందర్శకుల పుస్తకమున సంతకము చేయబోతిమి. పైనున్న పంక్తులలో కెనడానుండి, ఆస్ట్రేలియానుండి వచ్చినవారి పేర్లు చూచితిమి. ఊరు అను గడిలో కొందరు తాము నివసించు పట్టణమును వ్రాయలేదు. ఇప్పుడు ఏ పటములోను జనములేని లోయపల్లెల పేర్లు వ్రాసియుంచిరి. మేమును కలము తీసికొని, మా తాతగారి యూరి పేరు తెలుగున వ్రాసితిమి. వ్రాసిన పిదప, ఆ ఊరినిగూర్చి మాకు తెలిసినది ఎంత స్వల్పమో తలచుకొని సిగ్గుపడితిమి.